మూడో పాటలో తెగని పోగు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. మూడే మాటలు. "అక్కడ పోగు తెగింది." వింటే ఎవరి కొంపా ముంచే మాటలా అనిపించదు. కానీ పొద్దున లేస్తే అది నాతో పాటే లేస్తుంది. అన్నం కలుపుకుంటే పక్కనే కూర్చుంటుంది. మా ఆయన పోయాక తగ్గుతుందనుకున్నాను. ఎవరికైతే అబద్ధం చెప్పానో ఆ మనిషే లేకపోతే అది మాత్రం ఎన్నాళ్ళుంటుంది అనుకున్నాను. తగ్గలేదు. ఇద్దరం మోయాల్సింది ఒక్కదాని మీదే పడినట్టయింది.

నాకు రాయడం రాదు. సంతకం పెడతాను. బస్సు మీది పేరు కూడబలుక్కుంటాను, అంతలో బస్సు వెళ్ళిపోతుంది. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు సంధ్య రాస్తోంది. సోమాజిగూడలో ఒక పత్రికాఫీసులో పేజీలు దిద్దే ఉద్యోగం తనది. నా మాటల్ని అచ్చుకు పనికొచ్చేలా సర్దుకోమన్నాను. తప్పును మాత్రం మెత్తబరచవద్దన్నాను.

మా ఆయన దర్జీ. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో, బోర్డుల కింద ఎండ కూడా దిగని చోట మా షాపు. కంప్యూటర్ కోర్సులకు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి, జిప్పులు మార్పించుకోవడానికి వచ్చేవారు. వాళ్ళెవరికీ తెలియని పని ఒకటి ఆయన చేసేవాడు. ఎవరూ వినని బ్యాండ్లు కొత్త ఆల్బం తెస్తే విని, అదెలా ఉందో ఫోన్లో తెలుగులో రాసేవాడు. అన్నీ మెటల్, ప్రోగ్రెసివ్ రాక్. నాకు ఆ పేర్లు నోరు తిరగడానికే ఏడాది పట్టింది. కింద పేరుండేది కాదు. "అమీర్‌పేట దర్జీ" అని పెట్టేవాడు. చదివేవాళ్ళు అది సరదాకి పెట్టుకున్న పేరనుకునేవారు.

పెద్ద బ్యాండ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు. "పెద్దోళ్ళ గురించి రాసెటోళ్ళు మస్తుమంది ఉన్నరు. వీళ్ళను ఎవ్వలు ఇంటరు?" అనేవాడు. మూడుసార్లు వినకుండా ఒక్క మాట రాసేవాడు కాదు. బాగుంటే ఎక్కడ బాగుందో చెప్పేవాడు. బాగాలేకపోతే అది కూడా చెప్పేవాడు, కానీ ఎదుటివాడు మళ్ళీ పనిలో కూర్చునేలా చెప్పేవాడు. అందుకే ఆయన మాటకు విలువుండేది. ఎక్కడో షెడ్డులో వాయించుకునే పిల్లలు "దర్జీ ఏమంటాడు" అని ఎదురుచూసేవారు.

ఈ పిచ్చి ఆయనకు ఎక్కడిదంటే, మా ఊరిది. మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. మా మామగారి షెడ్డులో పన్నెండు సాంచెలు. ఈయన పదేళ్ళ వయసు నుంచి ఆ మోతలో నిలబడ్డాడు. దర్జీ పని నేర్చుకోవడానికి హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఒక క్యాసెట్ల షాపులో విదేశీ మెటల్ పాట విన్నాడట. "అరే, గిది మా షెడ్డు గదా! గీ తెల్లోళ్ళకు మా షెడ్డు చప్పుడు ఎవ్వలిచ్చిండ్రు?" అని షాపువాడితో కొట్లాటకు దిగినంత పని చేశాడట. పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పిన మొదటి కథ అదే. నేను నవ్వలేదు. నాకు ఆ మోత పడేది కాదు. నేనూ నేతవాళ్ళ పిల్లనే, కానీ నేను ఇంటి అరుగు మీద నూలు కండెలు చుట్టినదాన్ని, షెడ్డు లోపల నిలబడినదాన్ని కాదు. పన్నెండేళ్ళ కాపురం మా ఇద్దరి మధ్య హెడ్‌ఫోన్లు పెట్టుకునే సాగింది. పిల్లలు కలగలేదు. ఆయన చెవులు పాటకు, నా చెవులు కుక్కరుకు.

ఆ చెవులనే షెడ్డు తినేసింది. మెల్లగా తిన్నది. ముందు పిట్టల చప్పుడు పోయింది, తర్వాత ఫోను మోగడం, తర్వాత నా మాట. పంజాగుట్టలో పెద్ద డాక్టరు చూసి, చిన్నప్పటి మగ్గాల మోతకు లోపలి నరం చచ్చిపోయింది, వెనక్కి రాదు అన్నాడు. చెవిమిషన్ ఇచ్చారు. దాంతో మాట కొంత తెలిసేది. ముఖం చూస్తూ, గట్టిగా చెబితే అందుకునేవాడు. నా గొంతు ఇలా బొంగురుపోయింది అప్పుడే. పాట మాత్రం ఆ మిషన్లో రేకు డబ్బాలో కంకర పోసి ఊపినట్టుండేదట. నెలన్నర పాటు ఏమీ రాయలేదు. కుట్టు మిషన్ మీద తల పెట్టుకుని కూర్చునేవాడు. నేను చూసేదాన్ని. ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం, పిల్లలంతా క్లాసుల్లో ఉండే వేళ, షట్టర్ సగం దించి నన్ను పిలిచాడు.

"ఒక్కపాలి నువ్వు ఇనవే. ఇని చెప్పు."

"నాకేం తెలుస్తది?"

"నీకేం తెలుస్తదో గదే చెప్పు."

చలిదేశపు బ్యాండు. నలుగురట. పాట మొదలైంది. చెవులు మూసుకోబోయి ఆగాను. నోటికొచ్చింది చెప్పాను. పన్నెండు సాంచెలు ఒక్కసారి ఆడిస్తున్నారు, అందులో ఒకటి ఆగింది, ఇప్పుడు ఆడుతున్న పదకొండు కాదు, ఆ ఆగినదే వినబడుతోంది అన్నాను. ఆయన నా ముఖం వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు పన్నెండేళ్ళలో నాకు దొరకనిది. అదే మాట రాశాడు. అన్నిటికన్నా ఎక్కువమంది మెచ్చుకున్నది ఆ రాతనేనట.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. ఒక నల్లటి పెద్ద స్పీకరు తెచ్చాడు. దాని చెక్కకు రెండు అరచేతులు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. డ్రమ్స్, లావు తీగల గిటారు ఆయన చేతులకు తెలిసేవి. సన్నటివి, అంటే గొంతు, మామూలు గిటారు, పైన తేలే పియానో, నేను చెప్పేదాన్ని. లావు చప్పుళ్ళు ఆయన వాటా, సన్న చప్పుళ్ళు నా వాటా. ఏదో దూరదేశం వాళ్ళది ఇరవై నిమిషాల పాట ఒకటి వచ్చింది. అందులో దెబ్బలు ఎనిమిది కాకుండా ఏడే ఉండేవి. మగ్గంలో అటూ ఇటూ పోగు మోసే నాడె అవతలికి వెళ్ళి, ఎప్పుడు రావాలో దానికన్నా కొంచెం ముందే వచ్చేస్తుంటే ఒళ్ళంతా ముందుకు తూలినట్టుంది అన్నాను. ప్రోగ్రెసివ్ అంటే అదే, ఒళ్ళు అనుకున్నచోట కాలు పెట్టనివ్వరు అని ఆయన నవ్వాడు. మరో బ్యాండులో పాడేవాడు అరుపులే తప్ప పాడడు. వాడు తిడుతున్నాడా, ఏడుస్తున్నాడా అని అడిగాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక, పోయిన మనిషితో మాట్లాడుతున్నట్టుంది అన్నాను. ఆ రోజు ఎక్కడి నుంచి వచ్చింది ఆ మాట? ఇప్పుడైతే తెలుసు.

ఆయనకు వినపడదని చదివేవాళ్ళకు మేం చెప్పలేదు. అది కూడా మోసమే. కానీ అది ఇద్దరం కలిసి చేసింది. దాని కోసం నేను ఏడవను. నాలుగేళ్ళు ఆ నల్లటి స్పీకరు దగ్గర మేం కాపురం చేశాం. అంతకుముందు చేసింది కాపురం కాదని అప్పుడు తెలిసింది. నేను లేకపోతే ఆయనకు పాట లేదు. ఆ గర్వం నాకు ఎంత ఉండేదో నాకే తెలియదు. ఎవరైనా దాన్ని ముట్టుకునేదాకా తెలియదు.

ముట్టుకున్న పిల్లను స్వప్న అంటాను. అసలు పేరు అది కాదు. కోస్తావాళ్ళు, ఇక్కడే పెరిగిన పిల్ల. అప్పటికి ఇరవై మూడేళ్ళు. ముగ్గురు మగపిల్లలతో కలిసి మెటల్ బ్యాండు, ఈ పిల్లది డ్రమ్స్. "అమీర్‌పేట దర్జీ" అన్న పేరు నిజమే అయ్యుంటుందని ఈ పిల్ల ఒక్కదానికే తట్టింది. సందు సందు తిరిగి, "మెటల్ వినే టైలర్ గారు ఎక్కడుంటారండీ?" అని అడిగిందట. నాలుగు షాపుల్లో నవ్వి పంపారట. ఐదోది మాది.

రెండు నిమిషాల్లో కనిపెట్టేసింది, ఆయనకు వినపడదని. అడగలేదు. జాలి పడలేదు. కటింగ్ బల్ల మీది రెండు కొలబద్దలు తీసుకుంది. ఆయన చేతులు పట్టుకుని బల్ల మీద ఆనించింది. వాయించింది. నేను టీ పోస్తున్నాను. గుడ్డముక్కల పెట్టె ఎగిరింది, సుద్దముక్క దొర్లి కింద పడింది. ఆయన ముఖం విచ్చుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. చిన్నపిల్లవాడిలా పకపకా నవ్వాడు. ఇటు తిరిగి, ఎంతో సంతోషంగా, నాతో పంచుకోవాలనే, అన్నాడు.

"గీ పిల్ల వాయిస్తె నడుమ ఎవ్వలు అక్కర్లేదే!"

నడుమ ఉన్నది నేను.

ఆయన నన్ను నొప్పించాలని అనలేదు. ఆ మాట నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసి కూడా నొచ్చుకున్నాను. నాలుగేళ్ళు నేను మోసి తెచ్చి ఆయన ఒళ్ళో పోసిన పాటలన్నీ, ఒక పిల్ల రెండు కొలబద్దలతో అక్కర్లేకుండా చేసేసింది. పిల్ల తప్పేముంది? ఏమీ లేదు. వచ్చినప్పుడల్లా "ఆంటీ, మీ టీ కోసమే వచ్చాను" అనేది. నా కాళ్ళ దగ్గర కూర్చుని సాంచెల గురించి అడిగేది. నేను జవాబు చెప్పేదాన్ని. చెబుతూనే, ఎప్పుడు లేచి వెళ్తుందా అని గడియారం చూసేదాన్ని.

తర్వాతి ఆషాఢంలో వాళ్ళ మొదటి ఆల్బం తయారైంది. ఐదు పాటలు. బోనాలతో బల్కంపేట వైపు వెళ్ళే డప్పులు సందు చివర మోగుతుంటే, పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టి, "బాగాలేకపోతే బాగాలేదనే రాయండి అంకుల్. మొహమాటం వద్దు" అంది. ఆయన ఆ పిల్ల తల నిమిరాడు. డప్పులు దాటిపోయాక విందామని షట్టర్ దించుకున్నాం.

విన్నాను. బాగుంది.

ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఆరేళ్ళు పట్టింది. బాగుంది. అన్నిటికన్నా మూడో పాట బాగుంది. అందులో గొంతు ఆగిపోయాక డ్రమ్స్ ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. నాలుగో తిరుగుడులో పడాల్సిన దెబ్బ ఒకటి పడదు. అక్కడ ఖాళీ. మళ్ళీ నాలుగు తిరుగుళ్ళు, మళ్ళీ అదే చోట ఖాళీ. నేతలో పేక, అంటే అడ్డపోగు, ఒకటి తప్పితే బట్టలో సందు పడుతుంది, అది లోపం. పోగు తెగినప్పుడు మగ్గం చప్పుడు మారుతుంది, అరుగు మీద కూర్చుని కూడా నేను చెప్పగలను. కానీ తెగే పోగు ఇష్టమొచ్చినచోట తెగుతుంది. ప్రతిసారీ ఒకే చోట తెగదు. ఒకే చోట వచ్చే ఖాళీ లోపం కాదు, నేతగాడు కావాలని వేసిన డిజైను. ఆ సంగతి మా ఊళ్ళో కండెలు చుట్టే ఆడపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలుసు. వింటున్నప్పుడే తెలుసు.

"ఎట్లుంది?" అన్నాడు, చేతులు స్పీకరు మీద నుంచి తీయకుండానే.

"పాటలు మంచిగనే ఉన్నయి. గిటార్ మంచిగుంది."

"మరి పిల్ల డ్రమ్స్?"

అది ఆయన వాటా. అడగాల్సింది నన్ను కాదు. అయినా అడిగాడు, నాకూ నచ్చిందని నా నోట వినాలని. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే అన్నాను.

"మూడో పాటల దెబ్బ పడ్తలేదు. అక్కడ పోగు తెగింది."

నవ్వు ఆగింది. మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. కళ్ళు గట్టిగా మూసుకుని, అరచేతులు ఒత్తి పట్టి విన్నాడు.

"నా చేతికి గట్ల అనిపిస్తలేదే. కావాల్నని ఇడిసినట్టున్నది."

"చేతికేం తెలుస్తది? చెవి నాది గదా."

"ఇంకోపాలి ఇను. పిల్ల కష్టం ఇది, ఊకె అనద్దు."

"మూడుసార్లు ఇన్న. తెగింది అంటున్న గదా. నేను సాంచెల ఊర్ల పుట్టినదాన్ని, నాకు తెల్వదా?"

ఆయన చేతులు తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటిని తిప్పి చూసుకున్నాడు, ఎవరివో చూసినట్టు.

"గంతేనా. ఇగ నా చేతులు సుత పోయినట్టే."

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు విప్పితే చాలు. లేదయ్యా, నీ చేతులే నిజం, నేనే కుళ్ళుతో అన్నాను అని. చెప్పలేదు. టీ గ్లాసులు తీసుకుని కడగడానికి వెళ్ళాను. నీళ్ళ చప్పుడులో నాకేమనిపించిందో కూడా చెబుతాను, దాచడానికి ఇంకేముంది కనుక. గెలిచినట్టనిపించింది. ఆయనకు మళ్ళీ నేను కావాల్సి వచ్చాను.

ఆయన రాశాడు. మొదటిసారి ఎదుటివాళ్ళు మళ్ళీ పనిలో కూర్చునేలా రాయలేదు. చేతులు పోయిన కోపం అందులో ఉంది. "చేతుల్లో బలముంది, చెవిలో లెక్క లేదు. మూడో పాటలో డ్రమ్స్ పోగు తెగింది. తెగిందని వాయించే అమ్మాయికి తెలియకపోవడమే బాధ." ఆల్బం గురించి తెలుగులో ఇంకెవరూ రాయలేదు. ఉన్నది ఇదొక్కటే. బ్యాండులో మగపిల్లలు అది చదివి ఈ పిల్లతో వాదం పెట్టుకున్నారట. నాలుగు నెలల్లో వేరేవాణ్ణి పెట్టుకున్నారు. పిల్ల మా షాపుకు రావడం మానేసింది.

ఆయన మళ్ళీ ఆ స్పీకరు మీద చేతులు పెట్టలేదు. నేను అన్నీ చెబుతుంటే రాసుకునేవాడు. డ్రమ్స్ కూడా నేనే చెప్పాల్సి వచ్చేది. లావు, సన్నం, అంతా నా వాటాయే. నాకు కావాల్సింది అదే కదా? అంతా దొరికింది. దొరికాక అందులో ఆయన లేడు. నా మాటల్ని ఎక్కాలు అప్పజెప్పినట్టు రాసుకునేవాడు. మెట్రో రైలు రోడ్డు పైనుంచి పోతుంటే అంతకుముందు షట్టరుకు చెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి డ్రైవరు గురించి, "గాయన స్పీడు తక్వ చేసిండు" అని నవ్వించేవాడు. అది కూడా మానేశాడు. చెవులు పోయినప్పుడు మిగిలిన మనిషిని, నేను మూడు మాటల్లో తీసేశాను.

ఒక్కోసారి ఒక ఊహ వస్తుంది. ఆయనకు తెలిసిందేమో? తన చేతులు నిజం చెబుతున్నాయని తెలిసి, నా అబద్ధమూ తెలిసి, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక నా మాటే రాశాడేమో? ఈ ఊహ తియ్యగా ఉంటుంది. అందుకే దీన్ని నమ్మను. నమ్మితే ఆ పిల్లను పాడు చేసిన పాపంలో ఆయనకూ వాటా ఇచ్చినట్టవుతుంది. ఆయన నన్ను నమ్మాడు. అంతే. అంతకు మించి ఏమీ లేదు.

ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున షట్టర్ ఎత్తుతూ ఎత్తుతూ కూలబడ్డాడు. పంజాగుట్ట ఆసుపత్రిలో రెండు రోజులు. చెవిమిషన్ తీసేసి, చొక్కాతో పాటు ఒక కవరులో పెట్టి నాకిచ్చారు. నన్ను లోపలికి పంపినప్పుడు ఆయనకు తెలివి ఉంది. నన్ను చూశాడు. నేను వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, అంతా చెప్పాను. పోగు తెగలేదని, పిల్ల బాగా వాయించిందని, కుళ్ళుతో అన్నానని. ఏడుస్తూ చెప్పాను. ఆయన కళ్ళు నా ముఖం కోసం వెతుకుతున్నాయి, ఏమంటున్నానో చూడటానికి. నా ముఖం ఆయన చెవి పక్కన దాక్కుని ఉంది.

మిషన్ లేని చెవిలో చెప్పాను. అది చెప్పడమేనా? ఆయన అరచెయ్యి నా చేతిలోనే ఉంది. మూడో పాట దెబ్బలు ఆ చేతిలో వేలితో కొట్టి, ఖాళీ దగ్గర ఆగి, మళ్ళీ కొట్టి ఉంటే ఆయనకు అర్థమయ్యేది. తప్పకుండా అయ్యేది. నాకది తెలుసు. తెలిసే చెవిలో చెప్పాను. చెప్పాననిపించుకోవాలి, ఆయన వినకూడదు. అంత పిరికిదాన్ని.

ఆయన పోయిన పదకొండో రోజు స్వప్న వచ్చింది. ఎవరో చెప్పారట. ఫొటోకు దండం పెట్టి, వంటింట్లో నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. డ్రమ్స్ అమ్మేశానంది. పంజాగుట్టలో ఏదో ఆఫీసులో చేరానంది. తర్వాత మెల్లగా అంది.

"అంకుల్ రాసింది నిజమే ఆంటీ. ఎన్నిసార్లు విన్నా తెగింది నాకు తెలియలేదు. అంటే నాకు చెవి లేదన్నట్టేగా. ముందే చెప్పి మంచి చేశారు."

నేను ఆ పిల్లకు టీ పోసిచ్చాను. పంచదార సరిపోయిందా అని అడిగాను. ఆ రోజు నేను మాట్లాడింది అదొక్కటే.

ఇన్నేళ్ళకు ఇప్పుడెందుకు నోరు విప్పుతున్నాను? నాకై నేను విప్పలేదు, ఆ మంచితనం కూడా నాది కాదు. ఆయన రాతలన్నీ ఏరి చిన్న పుస్తకం వేద్దామని సంధ్య పూనుకుంది. సాయంత్రాలు వచ్చి ఒక్కొక్కటి చదివి వినిపించేది. చలిదేశం వాళ్ళది వచ్చింది, ఏడు దెబ్బలది వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. పోయిన నెల స్వప్న వాళ్ళ ఆల్బం మీద రాసింది వచ్చింది. చదివి, "అత్తా, గిది జర కారంగ ఉన్నది. ఇది సుత పెడదామా?" అంది. అచ్చులో, ఆయన పుస్తకంలో, నా అబద్ధం. చూడలేకపోయాను. సంధ్య చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను.

కానీ సంధ్యకు చెబితే ఏం లాభం? చెప్పాల్సినవాళ్ళు వేరు. స్వప్న ఆఫీసు పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర. లంచ్ టైముకు వెళ్ళాను. కిందికి వచ్చింది. మెట్రో మెట్ల పక్కన నీడలో ఇద్దరం కూర్చున్నాం. బండ్ల మోతకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నా బొంగురు గొంతుతో, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా, అరుస్తున్నట్టే చెప్పాను. ఈసారి ముఖం దాచుకోలేదు.

స్వప్న చివరిదాకా విన్నది. తర్వాత ఒకటే అడిగింది.

"అంకుల్ చేతికి ఏమనిపించింది?"

"కావాల్నని ఇడిసినవనే అనిపించింది బిడ్డా. చేతికి తెలిసింది. నేనే కాదన్న."

తల ఊపింది. ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చినట్టే వచ్చి, వెంటనే కోపమైంది.

"ఆరేళ్ళు ఆ ఒక్క చోటే వింటూ కూర్చున్నాను ఆంటీ. అన్నం తింటూ, బస్సులో, పడుకుని. నా తప్పెక్కడా అని. ఇప్పుడొచ్చి తప్పు లేదంటే నేనేం చేసుకోను?"

క్షమించమని అడగలేదు. అడిగితే ఆ పిల్ల మీద మరో బరువు పెట్టినట్టవుతుంది. నేను పెద్దదాన్ని కదా అని, క్షమించాను అనేస్తుంది, అనకపోతే అనలేదని బాధపడుతుంది. లేచింది. టైమైందంది. మెట్లెక్కి వెళ్ళింది. వెనక్కి చూడలేదు. చూడాలని నేనూ అనుకోలేదు. అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

ఆ రాత తీసేద్దామా అని సంధ్య అడిగింది. వద్దన్నాను. తీసేస్తే నేను చేసింది కూడా లేనట్టవుతుంది. అది అలాగే ఉండాలి, దాని వెనకే ఇది ఉండాలి. చదివినవాళ్ళకు నా మీద ఏమనిపిస్తే అది. ఆయన మాటల్లో చెప్పడం నాకు రాదు. నా మాటల్లో చెబుతాను, ఆ ఆల్బం మీద అభిప్రాయంగానే రాసుకోండి. మొదటి పాట కొంచెం సాగింది. రెండోదానిలో గొంతు గిటారు కింద పడి నలిగింది, ఇంకొంచెం పైకి తేవాల్సింది. నాలుగు, ఐదు దమ్మున్న పాటలు. మూడోది వీటన్నిటికీ పైన. అందులో దెబ్బ పడని చోట ఊపిరి ఆగుతుంది. ఇప్పుడు నేను దాన్ని స్పీకరుకు చేతులు ఆనించి వింటున్నాను, ఆ చోటు వచ్చినప్పుడల్లా చెక్క కూడా ఒక్క క్షణం చచ్చిపోయి లేస్తుంది. అలా ఆపడానికి ఎంత లెక్క కావాలో నేతపని తెలిసినవాళ్ళకు తెలుసు. డ్రమ్స్ వాయించిన అమ్మాయికి చెవి ఉంది, చేతులున్నాయి. పోగు తెగిందన్నది దర్జీ మాట కాదు, నాది.

తేలికైందా అత్తా అని సంధ్య అడుగుతోంది. ఏమో. మార్కెట్ నుంచి బరువు సంచితో నడుస్తూ, వేళ్ళు తెగిపోతుంటే, ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటాం చూడండి. సంచి అదే. బరువూ అదే. ఆ చేతి వేళ్ళలోకి మాత్రం నెత్తురు వస్తుంది. అంతే.